ఎవరూ కొనని గది

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే పెద్దమనసుతో సర్దుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథలోని వాడికి మాత్రం అంత తీరిక లేదు. అతనికున్నది ఒక్క పగలే.

పొద్దున తొమ్మిదింటికి చీఫ్ గది తలుపు మూసి, ఫైలు బల్ల మీద పడేశాడు.

"కూర్చోకు. టైం లేదు."

డేగ కూర్చోలేదు. డిపార్టుమెంటులో అతని కోడ్ నేమ్ అది. ఇంట్లో వాళ్ళమ్మ పిలిచేది 'చిన్నోడా' అని.

"తెల్లవారుజామున ఒక రిటైర్డ్ రేడియో ఇంజనీరుని కాల్చేశారు. విదేశీ ముఠా పని. వాళ్ళ మెసేజ్ ఒకటి మన చేతికి చిక్కింది. ఇవాళ సాయంత్రం ఆరింటికి 'డ్యాం తెగింది' అని దొంగ వార్త చదువుతారు."

"ఒక స్టేషన్లో చదివితే ఎవరు నమ్ముతారు సార్?"

"ఒక స్టేషన్ కాదు. అన్నీ."

ఒకప్పుడు ఆ ఊళ్ళో పేపరు, రెండు వారపత్రికలు, పదకొండు టీవీ ఛానెళ్ళు, రేడియో, సినిమా హాళ్ళు, పాటల రికార్డులు, అన్నీ ఒకే మీడియా గ్రూపువి. జనం దాన్ని 'పెద్దసంస్థ' అనేవారు. ప్రమాదం వస్తే ఊరికి చెప్పడానికి ఆ సంస్థ ఒక మైకు పెట్టించింది. అందులో మాట్లాడితే ఊళ్ళో రేడియోలూ టీవీలూ అన్నీ ఆగి, ఆ గొంతొక్కటే వినిపిస్తుంది. తర్వాత పెద్దసంస్థ ఒక్కొక్కటే అమ్ముకుంటూ పోయింది. ఆ లైను మాత్రం ఎవరూ తీయలేదు. మైకు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆ ఇంజనీరే.

"డ్యాం కింద పేటలో లక్షన్నర మంది," అన్నాడు చీఫ్. "బయటపడ్డానికి ఒకటే వంతెన. పక్కపక్కన రెండు బళ్ళు పట్టవు. అందరూ ఒక్కసారి దాని మీద పడ్డారంటే..."

"నమ్మొద్దని ముందే చెప్పేస్తే?"

"డ్యాం అన్న మాట చెవిన పడితే చాలయ్యా, తర్వాతి మాట ఎవడు వింటాడు? మైకు వెతుకు."

డేగ తల్లి ఆ పేటలోనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర, పొద్దస్తమానం రేడియో.

పదింటికి డేగ ఫైర్ ఇన్‌స్పెక్టర్ వేషం వేసి, గుబురు మీసం అంటించుకుని పెద్దసంస్థ హెడ్డాఫీసుకి వెళ్ళాడు. లాయరమ్మాయి రెండు జాబితాలు తీసింది. ఒకటి ఇప్పుడు ఉన్నవాటిది, రెండు పేజీలు. రెండోది అమ్మేసినవాటిది, దిండంత లావుగా ఉంది.

"రేడియోనా? డైవెస్ట్ చేసేశాం సార్, అంటే అమ్మేశాం. ఆరేళ్ళయింది."

"అందులో ఒక మైకు ఉండాలి."

"డైవెస్ట్ చేసినవాటి గురించి మేం మాట్లాడం సార్. కంపెనీ పాలసీ."

పన్నెండింటికి సన్న మీసంతో, ప్రకటనలిచ్చే పెద్దమనిషిలా రేడియో కొన్నవాడి దగ్గరికి వెళ్ళాడు. అతను కంప్యూటర్ నుంచి తల కూడా ఎత్తలేదు.

"మేం కొన్నది పేరూ లైసెన్సూ. ఆ పాత స్టూడియోలు మాకెందుకండీ? బిల్డింగు పరుపుల కంపెనీ కొనుక్కుంది."

ఒంటిగంటన్నరకి నెరిసిన మీసంతో పరుపుల కంపెనీకి వెళ్ళాడు.

"మా కాగితాల్లో మూడంతస్తులున్నాయి," అన్నాడు మేనేజరు విసుగ్గా. "మూడూ చూసుకోండి. పరుపులు తప్ప ఇంకేమైనా కనపడితే నాకూ చెప్పండి."

డేగ మూడంతస్తులూ చూశాడు. పరుపులే. కెమెరా పెన్ను తీస్తే ఛార్జింగ్ లేదు. చెమటకి మీసం ఊడి చొక్కా మీద పడింది. దాన్ని కాలితో తొక్కాలన్నంత కోపం వచ్చింది. అమ్మినవాడు కొన్నవాణ్ణి చూపిస్తాడు, కొన్నవాడు ఇంకొకణ్ణి చూపిస్తాడు. తనదీ అన్నవాడు ఒక్కడూ లేడు.

కింద కాఫీ కౌంటర్ దగ్గర, చీఫ్ చెప్పిన గుర్తులతోనే, నల్ల కళ్ళద్దాలు, ఎర్ర చీర. డేగ ఎదుటి కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఈ కుర్చీ ఎవరిదండీ?"

"నిన్నటిదాకా నాదే."

కోడ్ కలిసింది. ఆమె ఆరింటావిడ. ఇరవై ఏళ్ళు ఆ రేడియోలో సాయంత్రం ఆరింటి వార్తలు చదివింది. ఆ గొంతు విననివాడు ఊళ్ళో లేడు. రేడియో అమ్ముడుపోయాక ఆమెకి పని లేకుండా పోయింది. ఇప్పుడు ముఠాలో ఉంటూ డిపార్టుమెంటుకి కబుర్లు అందిస్తోంది.

"ఇక్కడ వెతుకుతున్నారేంటి?" ఆమె తేనెలా నవ్వింది. "మైకు ఏనాడో కొండమీది టవర్‌కి మార్చేశారు. త్వరగా వెళ్ళండి. దారి బాగోదు."

దారిలో డేగ తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇవాళ ఆరింటికి రేడియో పెట్టకు."

"ఎందుకురా? పాటలొచ్చే వేళ."

"ఒక్కరోజు ఆపితే ఏం పోతుందమ్మా?"

"నువ్వు నెలకోసారి ఫోన్ చేస్తావు. అది రోజూ మాట్లాడుతుంది. దాన్నెందుకాపుతాను?"

ఫోన్ పెట్టేసింది. డేగ స్టీరింగుని గుద్దాడు.

కొండెక్కేసరికి అయిదయింది. అక్కడ టవర్ లేదు. పీకేసిన చోట నాలుగు సిమెంటు దిమ్మలు, వాటి మధ్య రెండు మేకలు. మేకలు అతన్ని చూసి మొహం తిప్పుకున్నాయి.

అప్పుడు వెలిగింది అతనికి. ఆరింటావిడ డిపార్టుమెంటు మనిషి కాదు, ముఠా మనిషే. తనని ఇంత దూరం తోలిందంటే మైకు ఆ బిల్డింగులోనే ఉండాలి. ఆమె గొంతుతో చెప్తే ఊరంతా నమ్మి తీరుతుంది.

ట్రాఫిక్కుని తిట్టుకుంటూ పరుపుల కంపెనీకి వచ్చేసరికి ఆరుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని చీపురుకి తాడు బిగిస్తోంది.

"ఏం బాబూ, మధ్యాహ్నం తెల్ల మీసం, ఇప్పుడు అసలు మీసమే లేదు. నీ అవస్థ ఏంటి?"

డేగకి దాచే ఓపిక కూడా అయిపోయింది. "మైకు పెద్దమ్మా! పాత రేడియో మైకు. ఎవణ్ణడిగినా అమ్మేశాం అంటాడు!"

"ఎర్రదీపం గదిలోదా? పొద్దున్నే తుడిచొచ్చాగా."

డేగ చటుక్కున ఆమె వైపు వంగాడు. "ఎక్కడ?"

"రెండో అంతస్తుకీ మూడోదానికీ మధ్య, మెట్ల మలుపులో. నువ్వు దాని ముందు నుంచే వెళ్ళావు. చీపుర్లు పెట్టుకునే గది అనుకునుంటావు."

మూడంతస్తుల కాగితాల్లో మలుపులో ఉన్న గదికి చోటు లేదు. పెద్దసంస్థ దాన్ని అమ్మలేదు, పరుపులవాళ్ళు కొనలేదు.

"అయితే నిన్ను తుడవమన్నదెవరు?"

"వద్దన్నదెవరు బాబూ? రేడియో ఉన్నప్పటినుంచీ తుడుస్తున్నాను. ఈమధ్య లోపల కాఫీ కప్పులు కనపడుతున్నాయి, అంచున ఎర్రరంగుతో. అవి కూడా నేనే కడిగి పెడుతున్నాను."

ఇద్దరూ పైకి వెళ్ళారు. పెద్దావిడ బొడ్డులోంచి తాళంచెవి తీసింది. తాళం తిరిగింది గానీ తలుపు కదల్లేదు. లోపల గడియ. డేగ భుజంతో గుద్దాడు. ఇనప తలుపు. వాచీలో దాచిన సన్నరంపం తీశాడు. రెండు గీతలకే విరిగింది.

తలుపు పైన ఎర్రదీపం వెలిగింది. లోపలినుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. అదే క్షణాన పరుపుల కంపెనీ రేడియోలో పాట టక్కున ఆగిపోయింది.

"శ్రోతలకు ముఖ్య గమనిక..."

బిల్డింగంతా ఆ గొంతే. డేగకి వంతెన కనిపించింది. దాని మీద చేతికర్ర కనిపించింది.

"జరుగు," అంది పెద్దావిడ. తలుపు పక్కన గోడలో చీపుర్లు పెట్టుకునే అరలో చెయ్యి పెట్టి, వెనకనున్న మెయిన్ స్విచ్చి ఫట్‌మని కిందికి లాగింది.

ఎర్రదీపం ఆరిపోయింది. రేడియోలో పాట ఆగినచోటినుంచి కాస్త ముందుకెళ్ళి మళ్ళీ అందుకుంది.

"గదినిండా వైర్లు," అంది ఆమె చేయి దులుపుకుంటూ. "తడిగుడ్డ పెట్టేముందు రోజూ ఇది తీసేస్తాను. ఓసారి షాకు కొట్టింది."

చీకట్లో తడుముకుంటూ గడియ తీసిన, కళ్ళజోడు పెట్టుకున్న ముఠావాణ్ణి డేగ గల్లా పట్టుకుని గోడకి ఆనించాడు. వాడి వెనకనుంచి ఆరింటావిడ చేతులెత్తి వచ్చింది.

"వాళ్ళు బల్లలమ్మారు, ఫ్యాన్లమ్మారు, నా గొంతున్న టేపులు కూడా అమ్మారు," అంది. "నన్ను మాత్రం ఏ జాబితాలోనూ రాయలేదు."

"నన్ను మాత్రం రాశారా తల్లీ?" అంది పెద్దావిడ. "కప్పు తొలిచి పెట్టొచ్చుగా కనీసం!"

ఆరూ పదికి డేగ ఫోన్ మోగింది.

"చిన్నోడా, మా ఆరింటావిడ గొంతు వినపడిందిరా! ముఖ్య గమనిక అని ఆగిపోయింది. ఏం చెప్పబోయిందో!"

"మీ అబ్బాయి ఆదివారం ఇంటికొస్తాడనమ్మా."

"అదైతే ఎవరూ నమ్మరు," అని పెట్టేసింది తల్లి.

ఆ గది తమది కాదని పెద్దసంస్థ ప్రకటన ఇచ్చింది. రేడియో కొన్నవాడూ, పరుపుల కంపెనీ కూడా అదే మాటన్నారు. చీఫ్ లైను తెగ్గొట్టించి, గదికి ప్రభుత్వం సీలు వేయించాడు. మర్నాడు రిపోర్టు కోసం వెళ్ళిన డేగకి, తడిగుడ్డతో ఆ సీలుని శ్రద్ధగా తుడుస్తున్న పెద్దావిడ కనిపించింది.

వీధిలో అందరూ నన్ను పెద్దక్క అంటారు. వయసు అరవై ఆరు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను.