ఒక్కసారే దాటాలి

ఆ ఉదయం కురచమాట ఏడు అంకెలతోనే ముగిసింది. గదుల్లో జనం సంతోషించారు. మాట ఎంత కురచగా ఉంటే అంత కరెంటు మిగులుతుంది, మధ్యాహ్నం చల్లగాలి ఇంకాసేపు వస్తుంది.

నేలమీద బతకడం కుదరక వీళ్లంతా పాత బొగ్గుబావిలోకి దిగి ఒక తరం గడిచింది. సొరంగం ఇరుకు. ఒకే పట్టామీద గదులు ఒకదాని వెనక ఒకటి. రోజుకొకసారి, ముందున్న గదిని మాత్రమే ఎత్తుడుబండి బావి పై అంతస్తులో ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్తుంది. అందుకని ఎవరి వంతైతే వాళ్ల గది ముందుకొచ్చేలా వరుస మార్చాలి. పక్కపక్క గదులు రెండింటిని తారుమారు చేయడం తప్ప మరో దారి లేదు. అన్నింటికన్నా తక్కువ తారుమార్లతో కావలసిన వరుస ఎలా వస్తుందో లెక్కగట్టి, క్రమకర్త అనే యంత్రం పొద్దున్నే అంకెల్లో చదువుతుంది. అదే కురచమాట. ఒకటి అంటే మొదటి రెండు చోట్లు మారతాయి, రెండు అంటే రెండోదీ మూడోదీ. ఆ మాటలో ఏ రెండు గదులూ ఒకదాన్నొకటి రెండోసారి దాటవు. దాటితే కరెంటు దండగ. ఒకప్పుడు మినహాయింపులుండేవి. ప్రతివాళ్లూ ప్రాణం మీదికొచ్చిందనడంతో వాటిని తీసిపారేశారు.

ఆ రోజు మొదటి చోటు సరూపది, రెండోది ముసలి ఓదెలుది. సరూప నాలుగేళ్ల పాపకు ఉబ్బసం ఉన్నా, అప్పటికి బాగానే ఆడుకుంటోంది. అందుకే సరూప బావిలో అందరూ అనేమాటే అంది.

"మీరు ముందు నడువుండ్రి పెద్దబాపూ."

పెద్దవాళ్లకు దారివ్వనివాళ్లను బావిలో ఎవరూ పలకరించరు. క్రమకర్త ఆ మర్యాదను కూడా ఒక తారుమారుగా మాట చివర చేర్చుకుని, ఓదెలు గదిని ముందుకు తెచ్చింది. నిజానికి ఓదెలుది మోకాళ్ల నొప్పి. ఒకరోజు ఆగినా కొంప మునిగేది కాదు.

కాసేపటికే పాపకు ఊపిరాడలేదు. పెదవులు నల్లబడ్డాయి.

"రేపటిదాక ఆగదు పెద్దబాపూ," అని సరూప మాటగొట్టంలో ఏడ్చింది.

"క్రమకర్తా, నన్ను ఎనుకకు జరుపు," అన్నాడు ఓదెలు.

"మీ రెండు గదులూ ఈరోజు దాటాయి. మళ్లీ దాటడం కుదరదు."

"మూడో గదిల కనకవ్వను ముందుగాల నా ముందటికి తే. గట్ల తిప్పి సూడు."

"ఎలా తిప్పినా సరూప గది మీ గదిని దాటవలసిందే. అది రెండోసారి అవుతుంది."

ఓదెలు నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. యంత్రం వినయంగా విన్నది. తర్వాత అతను నెమ్మదిగా అడిగాడు.

"గదిల మనిషి లేకుంటే?"

"ఖాళీ గది వరుసలోకి రాదు. పక్కసందులోకి వెళ్లిపోతుంది."

సరూపకు అర్థమైంది. వద్దనాలి. నోరు రాలేదు. ఆ క్షణంలో ఆమెకు అతను మనిషిలా కాదు, దారికి అడ్డంలా కనిపించాడు. అందుకు ఆమెను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

"పాప పైలం బిడ్డా," అన్నాడు ఓదెలు.

గదుల బయట సొరంగం నిండా విషపు గాలి, ఒళ్లు కాలే వేడి. అతను దిగీ దిగగానే అతని గది పక్కసందులోకి జారిపోయింది. త్యాగం చేసినవాడు కిక్కురుమనకుండా పోవడం కథల్లోనే జరుగుతుంది. వేడి తగలగానే ఓదెలుకు బతకాలనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే తన గది లేదు. సరూప తలుపును రెండు అరచేతులతో బాదాడు.

"తియ్ బిడ్డా! నాతోని అయితలేదు. తియ్!"

తీస్తే ఆ గాలి పాపకు తగులుతుంది. సరూప పాప చెవులు గట్టిగా మూసింది. తన చెవులు మూసుకోవడానికి చేతులు మిగల్లేదు. గది ముందుకు కదిలింది. తలుపుమీద చప్పుడు కొంతదూరం గదితోపాటే వచ్చింది, తర్వాత ఆగిపోయింది.

పైన ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టాక, సాయంత్రానికి పాప కళ్లు తెరిచింది. సరూప ఆనందంతో దాని నుదుటిమీద ముద్దుపెట్టుకుంది.

"అమ్మా," అంది పాప, "తాతకు తలుపు ఎందుకు తియ్యలే?"