మూడో కిటికీ

తోట యజమానురాలు డోనా యులాలియా శవం బంగళా వరండాలో పడక్కుర్చీలో ఉంది. మెడకు ఆమె శాలువాయే బిగించి ఉంది. డాక్టరు చూసి, హత్యేనని రాసిచ్చి వెళ్లిపోయాడు.

1953 జూన్. పరైబా లోయలో ఆ కాఫీతోట బంగళా అంటే జనానికి ఇంకా హడలే. ఒకప్పుడు బానిసల్ని కట్టేసిన ఇనుప కడియాలు వరండా స్తంభాలకు అలాగే ఉన్నాయి. వాటిని ఊడపీకించాలని ఇన్నేళ్లుగా ఎవరికీ తోచలేదంటే ఇన్‌స్పెక్టర్ వాల్దొమీరోకు ఒళ్లు మండింది.

పనిమనిషి జనువారియా బేడీలతో జీపులో కూర్చుంది. ఆమె అమ్మమ్మ ఈ తోటలో బానిస. ఇప్పుడు మనవరాలికి జైలు సిద్ధంగా ఉంది. చూశానంటున్న సాక్షి ఒక్కడే, చనిపోయినావిడ మేనల్లుడు ఒతావియో.

వాల్దొమీరో అతన్ని ముంగిట్లోకి పిలిచాడు.

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

"అతిథి గదిలో. ఎప్పుడొచ్చినా నా మొహానికి అదే కదా."

ఆ గది తలుపు వరండాలోకే తెరుచుకుంటుంది. అక్కణ్నుంచి ఇంట్లోకి దారి లేదు. పరాయి మగవాడి కన్ను ఆడవాళ్ల మీద పడకూడదని పాతకాలం దొరలు అలా కట్టించారు. తమ్ముడితో పడని యులాలియా, అతని కొడుకునూ పరాయివాడిగానే చూసింది.

"హత్య ఎక్కణ్నుంచి చూశారు?"

"ఇక్కణ్నుంచే. మూడో కిటికీ తెరిచుంది, లోపల దీపం ఉంది. జనువారియా అత్త మెడ బిగిస్తోంది. తర్వాత వరండాలోకి ఈడ్చుకొచ్చి కుర్చీలో పడేసింది."

"మూడోదేనా?"

"ఎన్నిసార్లు చెప్పమంటారు? నాకేమీ చత్వారం రాలేదు."

వాల్దొమీరో గునపం తెప్పించి మూడో కిటికీ రెక్కలు పెకలించాడు. వెనకాల సున్నం కొట్టిన గోడ ఉంది.

ఒతావియో ఓ అడుగు వెనక్కి వేశాడు.

వాల్దొమీరో నెమ్మదిగా చెప్పాడు. బయటి వరస అందంగా కనబడాలని అక్కడ ఉత్త రెక్కలు బిగించారు. వెనక ఉన్నది ఒకప్పుడు ఆ ఇంటి ఆడపిల్లల్ని రాత్రిళ్లు పెట్టి తాళం వేసిన గది. దానికి కిటికీయే లేదు. పొద్దున సోదాకి వెళ్తే పట్టపగలు కూడా దీపం పట్టుకోవాల్సి వచ్చింది.

"ఒక్కసారి లోపలికి వెళ్లినవాడెవడూ ఈ అబద్ధం ఆడడు. ఆవిడే వరండాలోకి వచ్చింది, కదూ?"

"తోటంతా కూలోళ్లకి రాసిచ్చేస్తానంది," అన్నాడు ఒతావియో. "నన్ను మాత్రం మంచినీళ్లకి కూడా లోపలికి పిలవలేదు."

బేడీలు చేతులు మారాయి. జనువారియా మణికట్లు రుద్దుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చి, శాలువా మెల్లగా వదులు చేసింది.

"అమ్మగారికి స్నానం చేయించొచ్చా అయ్యా?"

వాల్దొమీరో తలూపాడు.

"నీళ్లు కాచుకొస్తాను," అందామె. "ఆవిడకి చన్నీళ్లు పడవు."