పది నిమిషాలు ఆన్, అరగంట ఆఫ్

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. వసారాలో పడక కుర్చీలో నాయన సురేంద్రబాబు. ఆయన పనిచేసే స్కూలుకు వేసవి సెలవులు, అందుకని పొద్దున్నే గడ్డం గీసుకోలేదు. వంటింట్లో రెబెకమ్మ అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ. ముందు గదిలో బల్ల దగ్గర సారా అక్క. పక్కన మంచం మీద, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్న హెన్రీ మామ. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఐదోదాన్ని నేను, షైనీని. అమ్మ నర్సు, డ్యూటీకి దుత్తలూరు పోయింది.

హెన్రీ మామ జేబులో ఒక కవరు ఉంది. ఆ రోజు జరిగినదంతా ఆ కవరు చుట్టూనే జరిగింది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం చేసే అబ్బాయి వాళ్లు వచ్చి అక్కను చూసి వెళ్లి అప్పటికి రెండు వారాలైంది. వాళ్లకు నచ్చింది. నాయన అక్కను పిలిచి, "ఏం తల్లీ?" అని అడిగాడు. అక్క "మీ ఇష్టం నాయనా" అంది. మా ఇంట్లో ఆడపిల్ల మీ ఇష్టం అంటే సరే అన్నట్టే. నాయన ఉత్తరం రాశాడు. మాకు సమ్మతమే, వచ్చే ఆదివారం నుంచి చర్చిలో ప్రకటన చేయిస్తాము, అని. మా చర్చిలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఒక్కసారి చదివితే ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. ఆ ఉత్తరం పట్టుకుని హెన్రీ మామ నాలుగు గంటల బస్సుకు నెల్లూరు పోవాలి.

పది గంటల బస్సుకు రాజమోహన్ దిగాడు. ఆత్మకూరులో బస్సు డిపోకు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే షాపు ఆయనది. పాతికేళ్లుంటాయి. ఒక పెద్ద మానిటర్‌ను దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని నడిచొచ్చాడు.

అవ్వ గడపలో నిలబడి చూసి, "ఎవుర్ని ఎత్తుకొస్తా ఉండాడే ఈ పిల్లోడు?" అంది.

ఆయన రావడం అది రెండోసారి. పోయిన మంగళవారం మొదటిసారి వచ్చినప్పుడు అక్కకూ ఆయనకూ గొడవైంది.

మా చర్చికి వచ్చే సంవత్సరం వందేళ్ల పండుగ. దొరల కాలం నుంచి బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేర్లన్నీ ఒక పాత రిజిస్టరులో ఉన్నాయి. కాగితం ముట్టుకుంటే పొడి అయిపోతోంది. అక్క నెల్లూరులో పీజీడీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చేసింది కాబట్టి ఆ పేర్లను కంప్యూటర్లో ఎక్కించే పని పాస్టరుగారు అక్కకు ఒప్పజెప్పారు. కంప్యూటర్ అంటే హెన్రీ మామ మద్రాసు నుంచి తెచ్చిన పాత లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు గోడకు గుచ్చితేనే బతుకుతుంది. నాలుగు నెలలు అక్క కూర్చుని టైపు చేసింది. ఏప్రిల్ చివర్లో స్క్రీన్ మీద గీతలు మొదలయ్యాయి. అడ్డంగా, నిలువుగా, నేత చీర అంచులాగా. తర్వాత అక్షరాలు ముక్కలైపోయి ఏమీ కనపడేది కాదు.

మంగళవారం రాజమోహన్ వచ్చి పావుగంట నడిపి చూస్తే ఒక్క గీత రాలేదు.

"మిషన్ బాగానే ఉండాది మేడమ్. మీరే ఏదో చేసుంటారు."

"నేనేం చేస్తాను? రోజూ గీతలొస్తా ఉండాయి."

"ఇప్పుడు రాలేదుగా."

"అంటే నేను అబద్ధం చెప్పినానా?"

"నేనట్ట అన్లేదు."

"అన్నట్టే ఉండాది."

ఆయన బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే గీతలు మళ్లీ వచ్చాయి. అక్క అరగంట గొణుక్కుంది. తర్వాత నాయన షాపుకు ఫోన్ చేయించి మళ్లీ పిలిపించాడు.

హెన్రీ మామ ఆయనకు చోటిచ్చి వసారాలోకి పోయాడు. ఈసారి ఆయన మానిటర్‌ను బల్ల మీద పెట్టి లాప్‌టాప్ వెనక వైరు తగిలించాడు. ఎందుకని అక్క అడగలేదు, కోపం ఇంకా తగ్గలేదు. ఆయనే నాకు చెప్పాడు. "చూడు పాపా, గీతలు ఆ చిన్న స్క్రీన్ మీదే వస్తే స్క్రీన్ తప్పు. రెండిట్లో వస్తే లోపల బొమ్మ గీసే కార్డు తప్పు."

నేను తలూపాను. కొత్తవాళ్లతో నాకు మాట రాదు, అన్నీ డైరీలో రాసుకోవడమే.

పది నిమిషాలకు గీతలు వచ్చాయి. రెండు స్క్రీన్ల మీదా, ఒకే చోట.

"గ్రాఫిక్స్ కార్డు," అన్నాడు. ఆ మాట అన్నాక అక్క వైపు తిరిగి, "మీరు చెప్పింది నిజమే మేడమ్," అన్నాడు.

అక్క మొహం కొంచెం మెత్తబడింది. "కార్డు మారిస్తే సరిపోతాదా?"

"పెద్ద కంప్యూటరైతే పీకి ఇంకోటి గుచ్చుతాం. దీంట్లో బోర్డుకే అతికించి ఉంటారు. వేడెక్కితే అతుకు ఊడిపోతా ఉండాది, చల్లారితే అంటుకుంటా ఉండాది. ఎల్లకాలం అంటుకోదు."

అడుగున చెయ్యి పెట్టి చూసి చటుక్కున తీసేశాడు. పెనంలాగా ఉంది. అప్పుడు కనిపించింది ఆయనకు అవ్వ కుట్టిన కవరు.

అవ్వ తన బైబిలుకు మెత్త పెట్టి ఎర్ర గుడ్డతో కవరు కుట్టుకుంది. చర్చి పేర్లున్న వస్తువు కదా అని లాప్‌టాప్‌కు కూడా అలాంటిదే కుట్టింది, మెత్త ఇంకా మందంగా పెట్టి. మూత, కీబోర్డు మాత్రం బయటికి ఉంటాయి. పక్కలూ అడుగూ, గాలి పోయే కంతలూ మొత్తం మూసుకుపోతాయి. అక్క నాలుగు నెలలు దాన్ని కవరుతోనే నడిపింది. తీస్తే అవ్వ నొచ్చుకుంటుంది. మంగళవారం కవరు ఉతికి దండెం మీద ఉంది. అందుకే ఆ రోజు గీతలు రాలేదు.

రాజమోహన్ కవరును చూశాడు, కంతలను చూశాడు. అంతా అర్థమైనట్టుంది. అంతలో అవ్వ మజ్జిగ తీసుకుని వచ్చింది.

"ఎందుకు చెడిపోయిందంట నాయనా?"

అక్క చటుక్కున ఆయన వైపు చూసింది.

"పాతదైపోయిందవ్వా. ముసలితనం."

"నా మాదిరే," అని అవ్వ మజ్జిగ ఇచ్చి పోయింది.

అక్క కవరు విప్పి మడిచి బీరువాలో పెట్టింది. తర్వాత ఆయనకు స్టూలు బదులు కుర్చీ వేసింది.

వంటింట్లోకి నేను గ్లాసు తీసుకెళితే అవ్వ పొయ్యి ఊదుతూ మెల్లగా అంది. "నా గుడ్డ వల్లే చెడిందని తెలుస్తానే ఉండాదిలే. నా మొహాన అన్లేదు ఆ బిడ్డ."

ఇక బాగుచేసేది లేదు కాబట్టి పేర్లను కాపాడుకోవాలి. ఆయన ఒక పద్ధతి చెప్పాడు. పది నిమిషాలు ఆన్ చేయాలి, గీతలు రాకముందే ఫ్లాపీలోకి, అంటే అరచేతిలో పట్టే చదరపు డిస్కులోకి, కాపీ చేయాలి, ఆపి అరగంట చల్లారనివ్వాలి. వందేళ్ల పేర్లు, పదిహేనేళ్లకు ఒకటి చొప్పున ఏడు ఫ్లాపీలు.

"ఏడా?" అంది అక్క.

"ఏడుంటే సేఫ్ మేడమ్."

"సరే," అంది అక్క.

పది నిమిషాల్లో వాళ్లు మిషన్ గురించి మాట్లాడేవాళ్లు. అరగంటలో మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. మొదటి అరగంట ఇద్దరూ ఆపేసిన స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నారు. నల్లటి అద్దం కదా, అందులో ఇద్దరి మొహాలూ కనిపిస్తాయి. నేను పక్కనుంచి చూశాను కాబట్టి తెలుసు, వాళ్లు చూస్తున్నది మిషన్‌ను కాదు.

రెండో అరగంటలో అక్క మొదలుపెట్టింది.

"పోయిన వారం నన్ను అబద్ధాలకోరును చేసినారు."

"మిషన్ తరఫున మాట్లాడినాను మేడమ్."

"ఇప్పుడు?"

"మిషన్‌దే తప్పు."

"మీదేం లేదా?"

"ఉండాది. ఆరో ఫ్లాపీకి ఒప్పుకుంటాను."

అక్క నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. కిటికీ అవతల ఎండ తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అవ్వ అడగవలసినవన్నీ అడిగింది.

"ఏ సంఘం నాయనా మీది?"

"ఆత్మకూరు బాప్తిస్టు సంఘమే అవ్వా. మా నాయన కామయ్య, డిపోలో మెకానిక్."

"పెండ్లయిందా?"

"లేదు."

"ఏం?"

"పొద్దస్తమానం చెడిపోయినవాటి మధ్యనే ఉంటాను. ఎవురిస్తారవ్వా."

అక్క ఆయన విస్తట్లో అడగకుండానే రెండోసారి పప్పు వేసింది. నాయన అటు చూశాడు, తర్వాత మజ్జిగ కలుపుకున్నాడు.

నాలుగో అరగంటలో నాకు తోచక అక్క పీజీడీసీఏ పుస్తకం తిరగేస్తున్నాను. ఒక ఫ్లాపీలో సుమారు ఏడు వందల పేజీలు పడతాయని అందులో ఉంది. అక్క టైపు చేసింది అరవై నాలుగు పేజీలు. నేను రెండుసార్లు లెక్క వేసుకున్నాను. మొదటి ఫ్లాపీలోనే వందేళ్లూ పట్టి, ఇంకా బోలెడంత చోటు మిగలాలి. పుస్తకం తప్పేమో అనుకున్నాను. కానీ ఆ వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది, అక్క గీసిందే.

తలెత్తి చూస్తే ఇద్దరూ ఎంతో శ్రద్ధగా ఐదో ఫ్లాపీ మీద సంవత్సరాలు రాస్తున్నారు.

ఆరోది అయ్యాక అక్క అంది. "ఆరో ఫ్లాపీ అయింది."

"తప్పు నాదే మేడమ్. ఒప్పుకున్నాను."

"ఇంకేమన్నా ఉండాదా ఒప్పుకునేదానికి?"

ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే హెన్రీ మామ లోపలికి వచ్చాడు. "సారా, నాకు బస్సుకు టైమైతా ఉండాది. రవ్వంత కాఫీ పెట్టమ్మా." అక్క లేచి వంటింట్లోకి పోయింది. ఆరిన పొయ్యి రాజేసి, అందరికీ కాఫీ ఇచ్చి మళ్లీ వచ్చేసరికి మిషన్ చల్లారింది, ఏడోది కాపీ అయింది. చెప్పుకోవడానికి ఇంకో అరగంట మిగల్లేదు.

మూడున్నరకు ఆయన మానిటర్‌ను దుప్పట్లో చుడుతున్నాడు. అక్క కాఫీ గ్లాసులు కడుగుతోంది, కడిగిందే మళ్లీ కడుగుతోంది. ఆయన తాడు ముడి వేస్తూ నన్ను మామూలుగా అడిగాడు.

"మీ మామ యాడికి పాపా, ఇస్త్రీ గుడ్డలేసుకుని?"

"నెల్లూరుకి. అక్క సంబంధం ఖాయమని లెటరిచ్చేదానికి."

ముడి దగ్గర చేతులు ఆగిపోయాయి. ఆయన ముడి బిగించి, మానిటర్‌ను పైకెత్తాడు. నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్లు లేరు. ఆయన గడప దాకా పోయాడు.

"అక్కకు తెలుసు," అన్నాను.

"ఏంది?"

"ఒక ఫ్లాపీ చాలని. తెలిసే ఏడింటికీ కూర్చున్నాది."

ఆయన మానిటర్‌ను మెల్లగా కింద పెట్టి వసారాలోకి నడిచాడు.

"సార్, ఒక మాట."

నాయన పేపరు దించాడు. "బాగుపడ్డాదా మిషను?"

"లేదు సార్. అదింక బాగుపడదు. పేర్లన్నీ ఫ్లాపీల్లో ఉండాయి."

"మంచిది. ఇంకేంది?"

"ఆ లెటరు ఈ పొద్దు పంపించొద్దు సార్."

నాయన కళ్లజోడు తీశాడు. "ఏ లెటరు?"

"సారా గారిది."

"నీకెవురు చెప్పినారు?"

ఆయన నా వైపు చూడలేదు. నేను స్తంభం వైపు చూశాను.

"ఎవురు చెప్తేనేం సార్. నేను గూడా అడగాలనుకున్నాను. ఒక ఫ్లాపీతో అయిపోయే పనికి పొద్దున్నుంచి ఏడు పెట్టినాను. అయినా అడగలేకపోయినాను. ఇప్పుడు అడుగుతా ఉండాను."

"మిషను చూసేదానికి వచ్చినావా, సంబంధం చూసుకునేదానికి వచ్చినావా?"

"మిషనుకే వచ్చినాను సార్."

హెన్రీ మామ చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు. "బావా, బస్సు హారన్ కొడతా ఉండాది."

"ఉండు. సారా."

అక్క తడిచేతులతో వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"ఈ అబ్బాయి చెప్పేది విన్నావా?"

"విన్నాను నాయనా."

"ఆ పొద్దు నేనడిగితే మీ ఇష్టం అంటివే."

"ఆ పొద్దు నాకు ఇష్టమనేది లేదు నాయనా. అందుకని మీది అన్నాను."

"ఇప్పుడు?"

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. రెండు చేతులూ పూర్తిగా ఆరేదాకా తుడుచుకుంది.

"ఇప్పుడుండాది."

నాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది.

"హెన్రీ, లెటరిట్లియ్యి."

"వాళ్లకేం చెప్పేది బావా?"

"నువ్వేం చెప్పబాక. రేపు నేనే వచ్చి మాట్లాడతానని చెప్పు. మంచి మనుషులు, ఉత్తరంతో చెప్పే మాట కాదది."

హెన్రీ మామ కవరు తీసి నాయన చేతిలో పెట్టి, చొక్కా నలగకుండా చేత్తో అదిమి పట్టుకుని బస్సు కోసం పరిగెత్తాడు. నాయన కవరును చించలేదు. పేపరులో పెట్టి మడిచాడు.

"ఏమబ్బాయ్, ఆదివారం మీ నాయన్నీ అమ్మనీ పిలుచుకుని రా. వాళ్లతో మాట్లాడందే నేను ఏ మాటా ఇయ్యను."

"అట్టే సార్."

"ఆత్మకూరు బస్సెప్పుడు?"

"అయిదింటికి సార్."

"అందాకా ఎండలో నిలబడతావా? లోపల కూర్చో. మాట్లాడుకునేది ఏమన్నా ఉంటే మాట్లాడుకోండి." తర్వాత వంటింటి వైపు చూసి, "అమ్మా, నువ్వు గూడా కూర్చో వాళ్లతో," అన్నాడు.

అవ్వ చేటలో బియ్యం పోసుకుని లోపలికి పోయింది. రాజమోహన్ తల వంచుకుని వెనకాలే పోయాడు. వాళ్ల వెనక అక్క, అక్క వెనక నేను.

అక్క గడపలో ఆగి వెనక్కి తిరిగింది. "నువ్వెక్కడికే?"

"అవ్వ ఉండాది గదా."

"అవ్వ వింటాది, మర్చిపోతాది. నువ్వు డైరీలో రాస్తావు."

తలుపు వేసేసింది.