ఇసుక కింద సోమసూత్రం

మిట్టమధ్యాహ్నం... సూర్యగ్రహణం పట్టింది!

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల నడుమ ఉప్పేటి ఈశ్వరాలయం ఉంది. చోళుల నాటిది. మూడు ప్రాకారాల్లో రెండింటిని ఇసుక మింగింది. గాలిగోపురానికి పై అంతస్తులు లేవు. గర్భగుడి పీఠం చుట్టూ తమిళ శాసనం ఉంది. చదివేవాళ్ళు లేరు. పూజారి పొద్దున్నే లింగం మీద దర్భలు పరిచి, తలుపులు మూసి వెళ్ళిపోయాడు. గ్రహణం విడిచేదాకా ఎవరూ ఆ ఛాయలకు రారు.

గంగాధరానికి కావలసింది అదే!

పాత గుళ్ళ కొలతలు రాసుకుంటానని వచ్చి, ధర్మకర్త రంగనాయకులు ఇంట్లో దిగాడతను. అతను దిగిన కొద్ది రోజులకే, పుట్టింటికి వచ్చి ఉన్న రంగనాయకులు కూతురు రేవతికి మాట పడిపోయింది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి నేల మీద పెట్టేది. చీకటి పడుతుంటే మగగొంతుతో నవ్వేది... ఆ నవ్వుకు కొట్టంలో ఆవు పలుపు తెంచుకుని పారిపోయింది!

గంగాధరమే రేవతి దిండు విప్పించాడు. దూదిలో జుట్టు చుట్టిన మేకు దొరికింది. అల్లుడు చేయించిన చేతబడే అన్నాడు. గ్రహణం వేళ రేవతిని గుడి చుట్టూ తిప్పితే విడిచిపోతుందన్నాడు. నాయుడుపేటలో ఎరువుల కొట్టు నడుపుకునే నరేంద్రబాబును రంగనాయకులు గడప బయటే నిలబెట్టి, తిట్టి పంపేశాడు. ఇష్టంలేని అల్లుణ్ణి అనుమానించడానికి ఆయనకు మేకు కూడా అక్కరలేదు.

ఆయన భార్య ప్రమీలమ్మ అనుమానం వేరు.

"దిండులో మేకుండాదని ఈ సామికెట్ట తెలిసిందయ్యా? కుట్టినోడికి గదా తెలిసేది!"

"నోరు ముయ్‌మే. పాప బతకాల్నా వద్దా?"

"గ్రహణానికి దేవుడికే తలుపులేసినారు. ఈయనకు మాత్రం దోవ తెరిచినారంటనా? అల్లుడికి ఫోన్ చేసినా. వస్తా ఉండాడు."

"రానీ, కాళ్ళిరగ్గొడతా."

రంగనాయకులు కూతుర్ని లేపి గుడికి నడిపించాడు.

గంగాధరం సంచిలో ఒక కపాలం ఉంది. అతని గురువుది. గ్రహణం విడిచేలోగా, గర్భగుడి వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, ఒక ఆడమనిషి చేయి పట్టుకుని గుడికి ఎదురు ప్రదక్షిణం చేసి అక్కడికే చేరాలి. అంతే... ఆమె ప్రాణం కపాలంలోకి దిగుతుంది. కపాలం నోరు తెరిచి, అతను చెప్పినవాళ్ళనల్లా చంపుతుంది!

ఏ శివాలయంలోనూ అది సాగదు. అభిషేక జలం బయటికి పోయే సోమసూత్రం ఉత్తరాన అడ్డుగా ఉంటుంది. దాన్ని దాటినవాడికి శివుడు శత్రువు. కానీ ఈ గుడికి ఉత్తర గోడ వెంట తూము లేదు. ఉన్నదంతా ఇసుకే. గంగాధరం కొలిచి మరీ చూసుకున్నాడు. ఊరి జనం మాత్రం ఆ గోడ సగానికి వచ్చి వెనక్కి తిరుగుతారు. ఎందుకో చెప్పలేరు. మూర్ఖులు అనుకున్నాడతను.

ఎండ బూడిద రంగుకు తిరిగింది. కాకులు గోపురంలోకి దూరాయి. గంగాధరం వెనక గోడ దగ్గర కపాలానికి కుంకుమ పూసి, రేవతి కుడిచేయి పట్టుకున్నాడు. ఆమె అడుగు తడబడుతుంటే ఎడమచేయి తండ్రి పట్టుకున్నాడు. దక్షిణం గోడ దాటారు. ధ్వజస్తంభం దాటారు. అడుగడుగుకూ రేవతి ఒళ్ళు చల్లబడుతోంది... గంగాధరం చంకలో కపాలం వెచ్చబడుతోంది!

ఉత్తర గోడ సగానికి వచ్చాక రంగనాయకులు కాళ్ళు వాటంతట అవే ఆగాయి.

"నడువు!" గంగాధరం అరిచాడు.

"ఈడ దాటకూడదు సామీ."

"ఏముందీడ? ఇసకేగా!"

"తెలీదు. మా నాయన దాటలా. నేనూ దాటలా."

"నీ కూతురు చచ్చినా దాటవా?"

రంగనాయకులు అతని ముఖంలోకి చూశాడు. గంగాధరం చూపు రేవతి మీద లేదు. గ్రహణం విడుస్తున్న సూర్యుడి మీద ఉంది! చంకలో కపాలం దవడ కదులుతోంది! ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది... సరైన మనిషి మీద.

"చెయ్యి వదులు!" అంటూ కూతుర్ని వెనక్కి లాగాడు.

గంగాధరం వదల్లేదు. అటువైపు నుంచి గుంజాలని ఒక్క అంగ వేశాడు.

ఇసుక నోరు తెరిచింది!

అడుగున, వెయ్యేళ్ళ అభిషేక జలంలో నానిన రాతి మొసలి ముఖం... తూము! అది అతని కాలిని మోకాలిదాకా పట్టింది. నల్లటి నీళ్ళు ఎగదన్నాయి. ఆ నీళ్ళు తగిలినచోటల్లా అతని మాంసం సున్నంలా ఉడికింది. కపాలం పగిలింది. లోపలినుంచి ఒక ముసలి గొంతు గంగాధరాన్నే తిట్టింది...

"నాయనా!" రేవతి అరిచింది. సొంత గొంతుతో!

గంగాధరం వేళ్ళు ఆమె చేతినుంచి ఒక్కొక్కటీ జారాయి. అతని కేక ఇసుక కిందికి పోయింది. ఇసుక మూసుకుంది.

వెలుగొచ్చేసరికి నరేంద్రబాబు బండి గోపురం ముందు ఆగింది. ప్రమీలమ్మ వెనక సీటు దిగింది.

"తప్పయిపోయింది నరేంద్రా," జరిగిందంతా చెప్పి అన్నాడు రంగనాయకులు. "ఇంటికి రాండి. తానాలు చేసి భోంచేద్దాం."

"నేను చంపజూసినానని ఎవుడో చెప్తే నమ్మినారు. రేపు ఇంకొకడొస్తాడు."

"ఇంక నమ్మనయ్యా."

"వాడు గుంతలో పడినాడు గాబట్టి నమ్మరు. పడకపోయుంటే?"

రేవతి తండ్రి చేతిలోంచి తన చేయి తీసుకుని బండెక్కింది.

ప్రమీలమ్మ చెప్పులు తొడుక్కుని, బండి వెళ్ళిన దారినే నడిచింది. మొగుణ్ణి రమ్మనలేదు.