పొడిగా తేలిన దుంగ

వరద నీళ్ళు రైల్వే స్టేషన్ గడియారం దాకా ఎక్కిన ఏడు అది. నీళ్ళు తీశాక ఊరంతా మళ్ళీ కట్టుకోవాలి. అందరికీ కలప కావాలి.

బాస్ గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఎదురుగా గూఢచారి శాఖ ఏజెంట్ గద్ద. బాస్ మొదలుపెట్టాడు.

"మన తాతల కాలంలో పొరుగు దేశం మన దుంగలు కొనేది. కొండలు గొరిగి మరీ అమ్మాం. తర్వాత చెట్లు కొట్టడం ఆపేశాం. ఇప్పుడు వాళ్ళ దుంగలు మనం కొంటున్నాం. వాళ్ళ వ్యాపారుల ముఠాకు అది గిట్టడం లేదు. దుంగలు కాదు, కోసిన పలకలే అమ్మాలట. లాభమంతా కోతలోనే ఉంది. మన రేవులోని కోత మిల్లు పేలిపోతే, చచ్చినట్టు పలకలే కొంటాం."

"బాంబా?"

"దుంగల ఓడలో వచ్చింది. ఎక్కడుందో నెమలి చెబుతుంది. మిల్లులో రంపం నడిపేది ఎవరో తెలుసుగా?"

తెలుసు. స్వయానా బామ్మర్ది. గద్ద లేచాడు.

నూనె మరకల చొక్కా, భుజాన తాడు. రేవులో కూలీ వేషం కట్టాడు. ఎర్ర గొడుగు కింద నెమలి నిలబడి ఉంది. శత్రు ముఠాలో మన మనిషి. బాస్ నమ్మకం అది.

"చెద పట్టిందా?"

"బెరడు వరకే."

కోడ్ సరిపోయింది.

"ఓడ అడుగున, ఇంజన్ పక్కన," అంది తియ్యగా నవ్వుతూ.

ఓడ అడుగంతా గాలించాడు. టార్చిలో దాచిన డిటెక్టర్ కిక్కురుమనలేదు. ఒళ్ళు మండి డెక్కు మీదికొచ్చాడు. కిందికి చూశాడు.

పచ్చి గట్టి కలప నీళ్ళలో మునిగిపోతుంది. అందుకే ఒక్కో దుంగనూ రెండు తేలిక దుంగల మధ్య కట్టి మిల్లుకు లాగుతారు. ఆ బరువుకు తేలిక దుంగలూ వీపుల దాకా దిగిపోతాయి. ఒక జత మాత్రం పొడి వీపులతో హాయిగా తేలుతోంది. మధ్య దుంగ డొల్ల! ముఠా వాళ్ళు కట్టడం బాగానే కట్టారు, బరువు సంగతే మరిచారు. రంపం తగిలితే లోపలి మందు అంటుకుంటుంది. మిల్లు గొలుసు అప్పుడే దాన్ని పైకి లాగుతోంది.

"నెమలిని పట్టుకోండి!" చొక్కా గుండీలోని మైకులో అరిచి, నీళ్ళలోకి దూకాడు.

మిల్లులో రంపం హోరు.

"ఆపు!"

"ఎవడ్రా... ఓహో, బావా! మా అక్కను గాలికొదిలేసి పోయినోడివి, ఇక్కడ ఊడిపడ్డావా?"

"దుంగలో బాంబుంది!"

"నీ నోట నిజమెప్పుడొచ్చింది? మొన్న ఇన్సూరెన్స్ ఆఫీసన్నావు, ఇవాళ కూలీవా?"

రంపం పళ్ళు బెరడు కొరికాయి. పొట్టు ఎగిరింది. గద్ద అతణ్ణి ఒక్క తోపు తోసి స్విచ్ లాగాడు. రంపం మూలిగి, ఇంకా తిరిగి, ఆగింది. పళ్ళ కొసన వెంట్రుకవాసిలో ఎర్ర వైరు. తెగలేదు.

బామ్మర్ది కూలబడ్డాడు. ఊపిరి అందాక అన్నాడు: "అయినా నువ్వంటే నాకు పడదు."

"పడొద్దులే. లేచి బయటికి నడు."

గేటు దగ్గర నెమలి చేతులకు బేడీలు.

"ఎవరు చెప్పారు నీకు?" పళ్ళు కొరికింది.

"నీళ్ళు."

మర్నాడు పొద్దున్నే గద్ద భార్య ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. తలుపుది పొరుగు దేశపు గట్టి కలప, శబ్దం లోపలికి పోదు అని తనకు తాను సర్దిచెప్పుకుని, మెట్టు మీద కూర్చున్నాడు.