శాంతరాజు ముడి

ఆదివారం పది గంటలకు ఇంట్లోవాళ్లంతా ప్రార్థనకు పోయారు. కోడలు తబితా నా మంచం పక్కన నీళ్ల చెంబు పెట్టి, తలుపు దగ్గరికేసి పోయింది. వాకిట్లో మంచి ఎండ. మిల్లులుండే కొల్హార్ వైపు నుంచి పప్పు పొట్టు వాసన.

నా నడుము ఆపరేషన్ అయి రెండు నెలలు. కుట్లు మానాయి గానీ ఎడమకాలు బాగుపడలేదు. తొడ వెనకాల నిప్పు. పాదంలో మాత్రం ఏమీ లేదు.

డాక్టర్ సార్ చెప్పాడు: "నరం చాన్నాళ్లు నలిగింది, కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. లోపల గాయం మానిన చోట కండ గట్టిపడి నరానికి అతుక్కుని ఉండొచ్చు. డిస్క్ ముక్క మళ్లీ జారి ఉండొచ్చు. షుగర్ కూడా చూద్దాం. పాదాన్ని రోజూ చూసుకో పెద్దాయనా, మొద్దుబారిన కాలికి ఇనప మొల దిగినా తెలవదు."

ఆ చివరి మాటకు తల దించుకున్నాను. ఆరేండ్ల కింద శాంతరాజు నాతో అదే చెప్పాడు.

అక్కడి పప్పు మిల్లులో నేను మేస్త్రీని. అతడు సంచులు కుట్టేవాడు. అతనికీ ఇదే ఆపరేషన్. తిరిగొచ్చి, "పాదం మొద్దుగుంది మేస్త్రీ, మూటలు మోయనీకి పంపకు, కుట్టే పనే ఇయ్యి" అన్నాడు. జ్వరంతో క్వింటాలు మూటలు మోసి పైకొచ్చినవాణ్ణి నేను. నొప్పి అనే మాట వింటేనే మండేది.

"నాటకం!" అన్నాను. పదిమంది ముందర దబ్బనం తీసి అతని మడమలో గుచ్చాను.

"తెలుస్తుందా?"

"తెలుస్తలేదు మేస్త్రీ."

"ఎంత మొండోడురా వీడు, కన్ను సుత ఆర్పలే!" అన్నారు గుంపులో ఎవరో.

అందరం నవ్వాం. పన్నెండు రోజులకు పాదం నల్లబడింది. నెల తిరక్కుండా పోయాడు. మొల గుచ్చుకుందని అతని భార్య జగదేవికి నేనే చెప్పాను. పదిమందీ నోరు మూసుకున్నారు. నేను చర్చిలో సంఘ పెద్దని. ఆ చేత్తోనే ఆరేండ్లు ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. థూ!

అప్పుడు వినబడింది.

సర్‌ర్...

గోనెలోంచి సుతిలి దారం లాగే చప్పుడు. ముప్పై ఏండ్లు విన్నవాణ్ణి, పొరబడను. మంచం కాళ్లవైపు నుంచి వస్తోంది. తడి గోనె వాసన... దాని కింద చీము వాసన.

సర్‌ర్...

దుప్పటి కదిలింది. నా పాదం కదిలింది. నేను కదపలేదు.

"మేస్త్రీ..." గుసగుస. "తెలుస్తుందా?"

ఉన్నదే చెప్పాను.

"తెలుస్తలేదు..."

ఎవరో మెల్లగా నవ్వారు.

"నాటకం."

ప్రార్థన అయ్యాక తబితా వచ్చింది. దారిలో కలిసిందట, జగదేవి కూడా నన్ను చూడటానికి వెంట వచ్చింది.

"ఏందన్నా, మిల్లంతా ఉరికించినోడివి, మంచానికి అతుక్కున్నవా?" అని నవ్వింది.

తబితా రోజూ చూసినట్టే పాదం చూద్దామని దుప్పటి ఎత్తింది.

"మామా... ఇదేంది?"

మడమలోంచి సుతిలి దూరి, బయట ముడి పడి ఉంది. నెత్తురు చుక్క లేదు. రంధ్రం అంచులు ఏండ్ల కిందటి గాయంలా ఎండి ఉన్నాయి.

కుట్టేవాళ్లలో ఎవరి ముడి వాళ్లది. సంచి పగిలితే ముడి చూసే ఎవరు కుట్టారో పట్టుకుంటాం. ఇది ఎడమచేతివాటం ముడి, ఎడమకు మూడు చుట్లు.

జగదేవి వంగి చూసింది. నవ్వు పోయింది.

"ఇది మా ఆయన ముడి. మా ఇంట్ల జొన్నల సంచికి ఇంకా గిదే ఉన్నది, ఇప్పబుద్ధి గాలే. నీ కాలికెట్లొచ్చిందన్నా?"

నోరు తెరిచాను. ఆరేండ్ల మాట గొంతుదాకా వచ్చింది. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

"ఏమో చెల్లె... మొల గుచ్చుకున్నదేమో."

తబితా కత్తెర కోసం లోపలికి పోయింది.

సర్‌ర్...

జగదేవికి వినబడినట్టు లేదు. నేను కుడికాలి వేళ్లు కదపాలని చూశాను. అది నా మంచి కాలు.

తెలుస్తలేదు.