మల్లమ్మకు సొంత గడప

“తప్పుగా అనుకోవద్దు వరూధినక్కా...” అంటూ ఇంటి యజమానురాలు మునిలక్ష్మి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రోగి కోసం తెచ్చిన ఎళనీరు కొబ్బరి బొండాన్ని గోడవారగా పెట్టింది గాని, కళ్ళు పైకెత్తలేదు. “పెద్దమ్మను చూస్తే నాకూ బాధగానే ఉండాది. అయినా చెప్పకుంటే ఎట్ల? మా మామకి ఈ విషయంలో శానా పట్టింపు. నచ్చత్రం బాగలేని పొద్దు పోయినారంటే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టల్ల. ఆమీదట బాడిగకి ఎవరొస్తారు చెప్పు? మీ సొంత ఇల్లు అయిపోవచ్చినాదంట కదా... అక్కడికి పిల్చుకుపోతే ఆమెకీ నిమ్మళం.”

వరూధిని తల ఊపింది. ఆ ఊపుకు అర్థం ఏమిటో ఆమెకే తెలియదు! ఆసుపత్రిలో ‘ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి’ అన్నారు. ఏ ఇంటికి?

అత్తగారు మల్లమ్మ ఈ జన్మలో కోరుకున్నది ఒక్కటే. పూర్వం ఆమె భర్త కన్నుమూసినప్పుడు అద్దె ఇంటి యజమానులు శవాన్ని లోపలికి రానివ్వలేదు. మురుగుకాలువ పక్కన, వచ్చేపోయే స్కూటర్ల నడుమ బల్ల మీద పడుకోబెట్టి ఆయనను సాగనంపవలసి వచ్చింది. మడివాళ మార్కెట్టులో రవికగుడ్డల మ్యాచింగ్ సెంటరు పెట్టి, ఆ చిన్న అంగడిని సొంతానికి కొన్న మనిషికి చివరికి తలదాచుకునే గడప కరువైంది! ఆనాటి నుంచి ఆమె “నన్ను మాత్రం వీధిలో పెట్టొద్దురా నాయనా” అని కొడుకు దగ్గర ఎన్నిసార్లు అన్నదో! ఆ మాట కోసమే బాలరాజు ఉన్నదంతా ఊడ్చి ఆనేకల్ దారిలో కడుతున్న అపార్టుమెంటులో ఫ్లాటు తీసుకున్నాడు. స్తంభాలు లేచాయి, పైకప్పులు పడ్డాయి... అక్కడితో ఆగిపోయింది. బిల్డరు ఆఫీసు ఎప్పుడు తెరుస్తాడో, ఎప్పుడు మూస్తాడో ఎవరికీ తెలియదు. ఇటు మడివాళలో వ్యాపారమూ ఇంకిపోతూ వచ్చింది. అద్దాల మేడల్లో రెడీమేడు రవికలు వేలాడుతుంటే, చీర చెంగు పట్టుకుని వచ్చి, పగటి వెలుతురులో గుడ్డల తాను పక్కన తాను పెట్టి రంగు కుదుర్చుకునే ఓపిక ఎవరికున్నది? ఆ వరుసలో అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తమ అంగడి తెరిచి ఉన్నదంటే తెరిచి ఉన్నది, అంతే.

ఈ సంగతులేవీ మంచం పట్టిన మల్లమ్మకు చెప్పలేదు. వారం వారం అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూ వరూధిని నోటితోనే ఆ ఇల్లు కట్టుకుంటూ వచ్చింది. కిటికీలకు ఊచలు బిగించారంది. దేవుడి గూటికి తెల్లరాయి వచ్చిందంది. ఒక్కొక్క మాట చెబుతున్నప్పుడు నాలుక ఎండిపోయేది... అయినా ఆ ముసలి కళ్ళలో మెరిసే వెలుగు కోసం మళ్ళీ చెప్పేది!

“ఆ మునిలక్ష్మి చెప్పింది నేనూ వింటిలేవే,” అన్నది మల్లమ్మ లోపలి నుంచి. “దాని భయం దానిది. నన్ను మనింటికి పిల్చుకుపోండి.”

ఆ మాట విని బాలరాజు గబుక్కున లేచాడు. భార్యను వంటింట్లోకి లాగి, “ఎట్లయినా ఆపు! సెల్లుఫోన్ల అంగడి పెట్టేవాడు రేపు అడ్వాన్సు ఇస్తాండాడు. మన అంగడి అమ్మి, మిగిలింది కట్టేస్తే బిల్డరు పని మొదలుపెడతానని దేవుడి మీద ప్రమాణం చేసినాడు,” అన్నాడు. భర్త ముఖంలోకి చూసింది వరూధిని. అతడూ ఆ ప్రమాణాన్ని నమ్మడం లేదు. నమ్మకపోతే నిలబడలేడు, అంతే! ఆమెకు కోపం రాలేదు. అంత ఓపిక మిగలలేదు.

మల్లమ్మ పట్టు విడువలేదు. మర్నాడు ఉదయాన్నే ఆటోలో ఇద్దరి మధ్యా దిండ్లు పెట్టి కూర్చోబెట్టుకుని బయలుదేరారు. హెబ్బగోడి ఊరు దాటారు. మట్టిరోడ్డు చివర ఆటో ఆగింది. ఎదురుగా గోడలు లేని అంతస్తులు... తుప్పు పట్టి ఆకాశంలోకి పొడుచుకువచ్చిన కమ్ములు... కింద నీడలో నెమరు వేస్తున్న మేకలు. మూడో అంతస్తులో తమ వంటిల్లు ఉండవలసిన చోట గాలి తప్ప ఏమీ లేదు!

మల్లమ్మ చాలాసేపు చూసింది. వరూధిని ఆమె మోకాళ్ళ మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. “అబద్ధం చెప్పినా అత్తా! ఇన్ని దినాలూ నిన్ను మోసం చేసినా... నన్ను తిట్టు అత్తా!”

“ఊరుకోవే... పోయిన వారం వంటింట్లో నల్లరాయి పరిచినారంటివి. దాని ముందు వారమూ అదే పరిస్తివి. అప్పుడే అనుకొంటి, నా కోడలికి ఇల్లు కట్టే పని కొత్త అని.” మల్లమ్మ పెదవులు నవ్వబోయి అలసిపోయాయి. “అయినా నువ్వు చెప్తాంటే వినేకి బాగుండె. అడిగితే నిలిపేస్తావని అడగలే.”

“ఈ పొద్దే అంగడి అమ్మేస్తానమ్మా!” బాలరాజు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. “పని మొదలవుతాది...”

“దానికి నేనుండాల కదరా అప్పా.”

ఆటో వెనక్కి తిరిగింది. వరూధిని చెంగుతో ముఖం తుడుచుకుని, డ్రైవరుతో మెల్లగా అన్నది. “ఇంటికొద్దప్పా. మడివాళ మార్కెట్ దగ్గరికి పోనీ.”

“అంగట్లోకా!” బాలరాజు అదిరిపడ్డాడు. “పిచ్చి పట్టిందా నీకు? అక్కడ అమ్మకేమన్నా అయితే ఆ కొనేవాడు మళ్ళా ఆ గుమ్మం తొక్కుతాడా? ఈ ఫ్లాటు ఇంక మనకి ఎప్పటికీ రాదు, తెలుసునా!”

“తెలుసండి. రాకపోనీండి! బాడిగ ఇండ్లల్లో బతకడం నాకు అలవాటే. అత్తకి మాత్రం... మామ పోయినపొద్దు ఎవరికీ తోచలే గాని, ఆయన కొన్న గడప అదొక్కటే కదా మనకుండేది!”

మల్లమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. “చూసినావారా బాలరాజూ... నీ పెండ్లాము తన ఇంటిని తీసి నాకిచ్చేస్తాంది. నేను పోయినాక దీన్ని ఒక్క మాట అన్నావంటే చూడు!”

ఆ సాయంత్రమే గల్లాపెట్టె బల్ల తీసి అక్కడ మంచం వేశారు. కొనేవాడికి బాలరాజే ఫోను చేసి వద్దని చెప్పాడు. మల్లమ్మ రంగురంగుల తానుల మధ్య పడుకుని, వచ్చిన ఒకరిద్దరు ఆడవాళ్ళ చీరలు చూసి, “అది గాదే, పైన ఉండే వంకాయరంగు తీసియ్యి,” అని కోడలికి పని చెప్పేది. కొన్నాళ్ళకు ఆ చెప్పడమూ తగ్గింది. ఒక ఉదయం, కాఫీ గ్లాసుతో వరూధిని వచ్చేసరికి ఆమెలో ఊపిరి లేదు.

మార్కెట్టులో ఒక ఆనవాయితీ ఉన్నది. అంగడివాళ్ళ ఇంట్లో మరణం సంభవిస్తే శవం కదిలేదాకా అందరూ షట్టర్లు సగానికి దించుతారు. దించారు. ఆ వరుసలో మిగిలినవే కొన్ని! ఎప్పుడో స్టీలు పాత్రల అంగడి మూసేసి వెళ్ళిపోయిన వెంకటగిరియప్ప ఎవరి ద్వారా విన్నాడో, తాళంచెవితో వచ్చాడు. తుప్పు పట్టిన షట్టరును ఇద్దరి సాయంతో కీచుమనిపిస్తూ పైకెత్తాడు. లోపల ఒట్టి గోడలు. ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ సగానికి దించాడు.

“ఎందుకప్పా ఇంత కష్టం?” బాలరాజు చేతులు జోడించాడు.

“మూసింది మూసినట్లే ఉంటే, మీ అమ్మ కోసం దించినట్లెట్ల అవుతాది?”

బాలరాజు ఆయన భుజం మీద పడి, మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. అంగడి ముందు జనం గుమిగూడారు. అందరికంటే ముందుగా వచ్చిన మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వీధిలోనే ఒదిగి నిలబడింది. అత్తగారి తల దగ్గర దీపంలో నూనె పోసి, వరూధిని ఆమె వైపు చూసింది.

“అక్కడే నిలబడినావెందుకు మునిలక్ష్మీ?” అన్నది. “లోపలికి రా.”